కొడుకు దగ్గర దాచి సాల్సాకు వెళ్ళాలా?

ప్రశ్న: నా వయసు 48. ఏడేళ్ళ క్రితం మావారు పోయారు. ఒక్కడే కొడుకు, వాడికి 25 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు నెలలుగా జంటగా చేసే సాల్సా డాన్సు క్లాసుకు వెళుతున్నాను, వాడికి మాత్రం వ్యాయామం క్లాసని చెప్పాను. వచ్చే నెలలో మూడు రోజుల సాల్సా ఫెస్టివల్ ఉంది. క్లాసులోని మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి నేనూ డబ్బు కట్టేశాను. ఒకసారి టీవీలో నా వయసు వాళ్ళు డాన్సు చేస్తుంటే చూసి మావాడు, ‘ఈ వయసులో వీళ్ళకు ఇదేం సరదా’ అన్నాడు. అందుకే ఆఫీసు ట్రైనింగని చెప్పి వెళదామనుకుంటున్నాను. ఈ నెల రోజుల్లో ఎన్ని ఫిగర్లు (అడుగుల కూర్పులు) నేర్చుకోవాలి? ఆన్ టూ (రెండో లెక్క మీద దిశ మార్చే పద్ధతి) కూడా రావాలా? ఎలాంటి చెప్పులు కొనాలి? నన్నెవరూ డాన్సుకు పిలవకపోతే ఏం చేయాలి? జతలో నడిపించేవారి చేతి సంజ్ఞ, అంటే లీడ్, అందకముందే తిరిగేస్తున్నానని మా టీచరు అంటున్నారు. తప్పు చేసిన ప్రతిసారీ సారీ చెబుతూనే ఉంటాను.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ మొదటి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కొత్త ఫిగరు ఒక్కటి కూడా నేర్చుకోనక్కరలేదు. మిగిలినవాటి సంగతి తరువాత చెబుతాను. ఇంత ఉత్తరంలో చెప్పుల గురించి అడిగారు, ఎవరూ పిలవకపోతే ఏమిటని అడిగారు గానీ, కన్నకొడుకుతో అబద్ధం చెప్పడం సబబేనా అని మాత్రం అడగలేదు. ఎప్పుడో తేల్చేసుకున్న విషయమన్నట్టు దానిని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు కనిపించిన సమస్య ఆ వాక్యంలోనే ఉంది.

మీవారు పోయేనాటికి ఆ పిల్లవాడికి 18 ఏళ్ళు. ‘ఇక ఇంటికి పెద్దదిక్కువు నువ్వే, అమ్మను నువ్వే చూసుకోవాలి’ అని వచ్చినవాళ్ళంతా వాడి భుజం తట్టి చెప్పే ఉంటారు. మీసం సరిగ్గా రాని పిల్లవాడి నెత్తిన అంత బరువు పెట్టడం ఎంత అన్యాయమో, ఆ తరువాత ప్రతి చిన్న పనికీ తల్లి వాడి ముఖం వంక చూడటం అంతకంటే పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. తల్లిని చూసుకోవడం కొడుకు ధర్మం, అందులో వాదన లేదు. ఆమె రాకపోకలకు అనుమతి ఇచ్చే అధికారం మాత్రం ఆ ధర్మంలో ఎక్కడా లేదు. తెలిసో తెలియకో దానిని వాడి చేతికి అందించింది మీరే కనుక, వెనక్కి తీసుకోవలసింది కూడా మీరే.

ఇంతకూ వాడు మిమ్మల్ని వద్దన్నాడా? మీ ఉత్తరం మళ్ళీ చదివి చూశాను, అలా అన్నట్టు ఎక్కడా లేదు. ఎవరినో చూసి ఆ వయసు కుర్రాళ్ళు యథాలాపంగా అనే మాట ఒకటి అన్నాడు. మీరు దానినే తీర్పుగా స్వీకరించి, అడగని ప్రశ్నకు రాని జవాబును ఊహించుకుని, దానినుంచి తప్పించుకోవడానికి ఆఫీసు ట్రైనింగు ఒకటి సృష్టించారు. మీ టీచరు ఫిర్యాదు ఏమిటో నాకు ఇక్కడ అర్థమైంది. ఎదుటివారి చెయ్యి కదలకముందే వారికేం కావాలో ఊహించి తిరిగేయడం మీరు క్లాసులో నేర్చుకున్నది కాదు, ఇంటినుంచి పట్టుకెళ్ళిన అలవాటు. ఆ సారీలు కూడా అక్కడివే.

నీతి సంగతి పక్కన పెట్టినా, ఈ అబద్ధం నిలవదు. ఫెస్టివల్లో ప్రతి వర్క్‌షాప్ చివరా నేర్పినవారు ఆ పాఠాన్ని మరోసారి చేసి చూపిస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటారు. రాత్రి సోషల్ (అందరూ జతలు మార్చుకుంటూ సరదాగా డాన్సు చేసే కార్యక్రమం) జరుగుతున్నంతసేపూ ఫొటోలు తీసి నిర్వాహకులు నలుగురికీ కనిపించేలా పెడతారు. పగలు వర్క్‌షాపులు, సాయంత్రం ప్రదర్శనలు, ఆ తరువాత మొదలై తెల్లవారుజాము దాకా సాగే సోషల్ – ఇదీ అక్కడి దినచర్య. రాత్రి 11 గంటలకు మీవాడు ఫోన్ చేస్తే వెనకనుంచి వినిపించే ట్రంపెట్లకు, కొంగా డోళ్ళకు ఏ ట్రైనింగు పేరు చెబుతారు? అన్నిటికంటే ముఖ్యంగా, మూడు రాత్రులు ఊరుకాని ఊరిలో ఉండే మనిషి ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఒక్కరికైనా నిజంగా తెలిసి ఉండాలి.

కాబట్టి చెప్పండి. ‘వెళ్ళనా’ అని అడగవద్దు, ‘వెళుతున్నాను’ అని చెప్పండి. వ్యాయామం క్లాసని చెప్పింది అబద్ధమని కూడా అదే నోటితో చెప్పేయండి, దానికి సంజాయిషీ అక్కరలేదు. వయసు మాట ఎత్తితే, సాల్సాను పెంచి పోషించినవారి గురించి చెప్పండి. క్యూబా సోన్, మాంబో అనే సంగీత రీతుల నుంచి పుట్టి, 1960, 70 దశకాలలో న్యూయార్క్‌లోని ప్యూర్టో రికో, క్యూబా వలసదారుల మధ్య రూపు కట్టుకున్న సంగీతం ఇది. 1925లో పుట్టిన గాయని సెలియా క్రజ్ డెబ్బై దాటాక కూడా వేదికలెక్కి పాడారు. టీటో పుయెంతే 2000లో 77 ఏళ్ళ వయసులో కన్నుమూసేదాకా టింబాలెస్ డోళ్ళు వాయిస్తూనే ఉన్నారు. మీరు 48కే ముసలివారని ఎవరు చెప్పారు?

పరాయి మగవాళ్ళతో డాన్సా అని అడిగితే ముఖం చిట్లించుకోకండి, ఆ బెంగ సహజం. వర్క్‌షాపులో అందరూ వరుసగా నిలబడతారు, కొద్ది నిమిషాలకొకసారి జతలు మారుతూ ఉంటాయి. సోషల్‌లో ఒక జత ఒక పాటకే, అంటే నాలుగైదు నిమిషాలే. పాట అయ్యాక థాంక్స్ చెప్పుకుని విడిపోతారు. ఇష్టం లేకపోతే ఎవరికైనా వద్దని చెప్పవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. ఎవరి చెయ్యైనా ఇబ్బందిగా అనిపిస్తే పాట మధ్యలోనైనా ఆపి వచ్చేసి, నిర్వాహకులకు చెప్పే హక్కు మీకుంది. ఇది మీవాడికంటే ముందు మీకు తెలియాలి. కొడుకు ముఖం చూసి మసలుకునే మనిషికి కొత్తవాడికి వద్దని చెప్పడం అంత తేలిక కాదు కనుక, ఈ నెల రోజులూ అద్దం ముందు ఆ ఒక్క మాట అభ్యాసం చేసినా నాకు అభ్యంతరం లేదు. ముఖ్యంగా డిప్ (నడుము పట్టి వెనక్కి వంచడం) వేయబోయేవారికి. మీ నడుము బరువును తెలియని మనిషి చేతిలో వదలకండి.

ఇక డాన్సు. బేసిక్ స్టెప్, రైట్ టర్న్, క్రాస్ బాడీ లీడ్, ఈ మూడూ తడబడకుండా వస్తే మొదటి ఫెస్టివల్‌కు చాలు. సాల్సా అడుగులు సాగే ఎనిమిది లెక్కలలో 4, 8 దగ్గర అడుగు పడదు. కొత్తవాళ్ళు కంగారులో ఆ రెండు ఖాళీలనూ మింగేసి, పాటకంటే ముందుకు పరుగెడతారు. రోజూ ఒక పావుగంట, పాట పెట్టుకుని, ముందు కూర్చుని 1 ఎక్కడ పడుతోందో చప్పట్లతో పట్టుకోండి, తరువాతే లేచి అడుగు వేయండి. క్రాస్ బాడీ లీడ్‌లో లీడ్ చేసే వ్యక్తి పక్కకు తొలగి దారి ఇస్తారు, మీరు 5, 6, 7 మీద ఆ దారిలో ముందుకు నడుస్తారు. ఆ దారి తెరుచుకోకపోతే మీరు కదలవద్దు, ఉన్నచోటే బేసిక్ చేస్తూ ఉండండి. స్నేహితురాళ్ళలో ఒకరిని లీడ్ చేయమని, కావాలని కొన్నిసార్లు ఏ సంజ్ఞా ఇవ్వవద్దని చెప్పి, మీరు కళ్ళు మూసుకుని చేయండి. మీ అలవాటుకు అంతకంటే మంచి మందు నాకు తెలియదు.

ఆన్ టూలో కూడా అవే ఆరు అడుగులు, దిశ మారేది మాత్రం 2, 6 మీద. మీరు ఇప్పుడే దాని జోలికి పోవద్దు. ఎవరైనా అడిగితే ఆన్ వన్ (1 మీద దిశ మార్చే పద్ధతి) చేస్తానని చెప్పండి, చాలామంది సర్దుకుంటారు. వర్క్‌షాపులలో బిగినర్ అని రాసినవే ఎంచుకోండి, రోజుకు రెండు మూడు చాలు. పై స్థాయి క్లాసులో దూరితే మీతో జతపడే ప్రతివారి పాఠమూ పాడవుతుంది. మధ్యాహ్నం పడుకుని, సోషల్‌కు మొదట్లోనే వెళ్ళండి. ఫ్లోర్ అప్పుడు ఖాళీగా ఉంటుంది, పాటలు కూడా కాస్త నెమ్మదిగా ఉండవచ్చు. మధ్యలో బచాటా అనే మరో డాన్సు పాట పెడితే రాకపోయినా కంగారుపడనక్కరలేదు, అది మంచినీళ్ళు తాగే సమయమనుకోండి. ఎవరూ పిలవకపోతే మీరే పిలవండి. సాల్సాలో ఆడవాళ్ళు వెళ్ళి అడగడం మామూలు విషయం. ఫోన్ చూసుకుంటూ మూల కుర్చీలో కూర్చున్నవారిని మాత్రం ఎవరూ పిలవరు. తప్పు పడితే నవ్వి 1 అందుకోండి. సారీ అన్న మాట ఎవరి కాలైనా తొక్కినప్పటికి దాచుకోండి.

చెప్పులకు పట్టీ ఉండాలి, అడుగు భాగం స్వేడ్ అనే నూగు తోలుదో మామూలు తోలుదో అయి ఉండాలి. రబ్బరు అడుగు టర్న్‌లో నేలను పట్టేస్తే మెలిక మోకాలిమీద పడుతుంది. ఎత్తు మడమల జోలికి పోకండి, అక్కడికి వెళ్ళేలోగా ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోండి. మార్చుకోవడానికి బట్టలు, తువ్వాలు ఉండాలి. ఉంగరాలు, గడియారం తీసేయాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి.

మీవాడు అలిగితే అలగనివ్వండి. బతిమాలకండి, ప్రయాణం మానుకోకండి. పాతికేళ్ళవాడి అలకకు ఆయుర్దాయం ఎంతో తల్లిగా మీకు తెలియనిది కాదు. హోటలు పేరు, తిరిగి వచ్చే రోజు, కలిసి వెళ్ళే ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి వాడి చేతికివ్వండి. సాయంత్రం ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి ఫోన్ చేస్తానని చెప్పి, ఆ మాట తప్పకండి. నడుమ వచ్చే కాల్స్‌కు మాత్రం జవాబివ్వవద్దు. నిజంగా అవసరం పడితే పిలవడానికి ఆ ఇద్దరి నంబర్లూ వాడి దగ్గర ఉంటాయి.