క్లాసులో ఒకబ్బాయిని "ఆడంగి" అంటుంటే టీచర్ కలగజేసుకోవాలా?

కలగజేసుకుంటే విషయం పెద్దదవుతుందేమోనని మీరు భయపడుతున్నారు. నేను గేని, స్కూల్లో నాలుగేళ్లు ఆ మాట పడ్డవాణ్ణి. నా జవాబు ఒకటే: తప్పకుండా కలగజేసుకోండి.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి జరిగేది కాదు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2015 హైస్కూల్ సర్వేలో గే, లెస్బియన్, బైసెక్సువల్ పిల్లల్లో 34 శాతం మంది ఆ ఏడాది స్కూల్లోనే తమను ఏడిపించారని చెప్పారు. హెటిరోసెక్సువల్ పిల్లల్లో అలా చెప్పినవాళ్లు 19 శాతం.

ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో 'మైనారిటీ స్ట్రెస్' (సమాజం చిన్నచూపు వల్ల గేల లాంటివాళ్లు అదనంగా మోసే ఒత్తిడి) గురించి రాసింది చదివాకే నా స్కూల్ రోజులు నాకు అర్థమయ్యాయి. మాట పడటం ఒక ఎత్తు. మళ్లీ ఎప్పుడంటారోనని కాచుకుని ఉండటం, మనల్ని మనం దాచుకోవడం, చివరికి వాళ్లన్నదే నిజమని నమ్మేయడం, వీటిలో ప్రతిదీ మరో భారం అంటాడాయన. నన్ను కొట్టింది రెండుసార్లే. కానీ ఇంటర్వెల్‌లో బాత్రూమ్ దగ్గర నలుగురు కాపు కాసేవాళ్లు. అటు వెళ్లాల్సి వస్తుందని పొద్దుట్నుంచీ నీళ్లు తాగేవాణ్ణి కాదు. ఆ టెన్షన్‌లో పాఠం బుర్రకెక్కేది కాదు, మార్కులు తగ్గాయి. బద్ధకం అనుకున్నారు అందరూ.

ఒకరోజు లెక్కల సార్ బోర్డు మీద రాస్తుండగా వెనక బెంచీ నుంచి ఆ మాట వినపడింది. చాక్‌పీస్ ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. సార్ విన్నారని క్లాసందరికీ తెలుసు. ఆ మర్నాటి నుంచి గొంతు తగ్గించుకోవాల్సిన అవసరం కూడా వాళ్లకి లేకపోయింది. మరుసటి ఏడాది ఇంగ్లిష్ టీచర్ మాత్రం పాఠం ఆపి, "నా క్లాసులో ఆ మాట వద్దు" అన్నారు, అంతే. ఉపన్యాసం ఇవ్వలేదు, నా వైపు చూడనైనా లేదు. ఆవిడ పీరియడ్‌లో నేను బాటిల్ తీసి నీళ్లు తాగేవాణ్ణి.

మీరూ అలాగే చేయండి. అన్న మాటను ఆపండి, అబ్బాయిని నిలబెట్టి ప్రశ్నలు వేయకండి. "నువ్వు గేవా?" అని అస్సలు అడగొద్దు. అతనంతట అతను చెప్పినా, అతను సరే అనకుండా ఇంట్లోవాళ్లకి చెప్పకండి. పరిశోధకురాలు కైట్లిన్ రయన్ బృందం గే, లెస్బియన్, బైసెక్సువల్ యువత మీద 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదుర్కొన్నవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు, అది అంతగా లేనివాళ్లతో పోలిస్తే 8 రెట్లకు పైగా కనిపించాయి. ఆ ఇల్లు ఎలాంటిదో అతనికి తెలుసు, మీకు తెలియదు.