పరమవీర చక్ర కోసమే వచ్చానని ఎస్‌ఎస్‌బీలో చెప్పొచ్చా?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశపరీక్ష రాస్తున్నాను. సైన్యంలోకి ఎందుకని ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూలో అడిగితే, ‘పరమవీర చక్ర కోసం’ అని, కార్గిల్‌లో అమరుడై ఆ పతకమే పొందిన లెఫ్టినెంట్ మనోజ్ పాండే చెప్పారట. నేనూ అలా చెప్పొచ్చా? నాకు ఎత్తులంటే కాస్త భయం. ఇన్‌ఫాంట్రీకి (పదాతిదళానికి) పనికొస్తానా?
– ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: చెప్పకండి. ఆ మాట బోర్డులో కూర్చునేవాళ్లకు ఎప్పుడో పాతబడిపోయింది. పైగా, ‘సరే, ఖాలుబార్‌లో ఆయనకు అప్పగించిన పనేమిటి?’ అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. అసలు తెలుసుకోవాల్సింది అదే.

1999 జులై 2 రాత్రి. కార్గిల్ యుద్ధం, బటాలిక్ ప్రాంతం. ఖాలుబార్ వైపు ఎక్కుతున్న 1/11 గూర్ఖా రైఫిల్స్‌ను పక్క ఎత్తుల మీది బంకర్ల కాల్పులు అడ్డుకున్నాయి. తెల్లారితే కొండవాలు మీదున్న బెటాలియన్ మొత్తం శత్రువు కంటబడుతుంది. చీకటి ఉండగానే ఆ బంకర్లను తీసేయాలి. ఆ పని 24 ఏళ్ల పాండేకు, ఆయన ప్లటూన్‌కు పడింది. మొదటి బంకర్‌లో ఇద్దరిని, రెండో దాంట్లో ఇద్దరిని చంపారు. మూడో దాని దగ్గర భుజానికి, కాళ్లకు తూటాలు తగిలాయి. అయినా ఆగకుండా గ్రెనేడ్‌తో నాలుగో దాని మీదికి వెళ్లారు. నుదుటికి తూటా తగిలి అక్కడే ప్రాణం విడిచారు. ఖాలుబార్ మన చేతికొచ్చింది. ఆ రాత్రి ఆయన చూసుకోవాల్సింది గడియారాన్ని, వెనకున్న మనుషుల్ని. పతకం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులూ వెతికేది దాదాపు ఇదే. పలక, తాడు, దుంగ ఇచ్చి గ్రూపును అడ్డంకి దాటించమంటారు. పలకను లాక్కుని తానే ముందుకు దూకేవాడి కంటే, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చూసేవాడికే మంచి పేరు వస్తుందని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో ఎత్తుల భయం గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గించుకోవడానికి ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. అందుకు నిజంగా ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా! కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి.

ఇన్‌ఫాంట్రీ సంగతికి ఇప్పటినుంచే టెన్షన్ వద్దు. ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఏడాది శిక్షణ పూర్తికావచ్చాకే మీ ఇష్టం, మెరిట్, ఖాళీలను బట్టి ఏ రెజిమెంటో తేలుతుంది.

ఎన్‌డీఏ రాకపోయినా, డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది. దాని ద్వారా ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి కూడా వెళ్లొచ్చు. తోలోలింగ్ దగ్గర 1999 జూన్ 28న అమరుడై మహావీర చక్ర పొందిన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, మద్రాస్ ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి వెళ్లినవారే.

ఇప్పటికి మీ పని రాతపరీక్ష. మ్యాథ్స్‌కు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఎంపీసీ కాబట్టి మ్యాథ్స్ భయం లేదు. ఇంగ్లిష్, చరిత్ర, కరెంట్ అఫైర్స్‌కు రోజూ గంట కేటాయించండి. ఇంకోటి, ఎప్‌సెట్ అలవాటుతో తెలియని ప్రశ్నలకు గుడ్డిగా బబుల్స్ నింపకండి. ఇక్కడ తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోస్తారు.