బండికి క్రాష్ గార్డ్ వేయిస్తే ఇన్సూరెన్స్ పోతుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రోజూ చించినాడ వంతెన మీదుగా వెళ్లి రావాలని కొత్త మోటార్ సైకిల్ బుక్ చేశాం. షోరూమ్‌వాళ్లు క్రాష్ గార్డ్ (బండి పడితే దెబ్బ ఆపడానికి ఇంజిన్ ముందు బిగించే ఇనప కమ్మీ, లెగ్ గార్డ్ అన్నా ఇదే) తప్పనిసరి అంటున్నారు. మా బావమరిదేమో అది చట్టవిరుద్ధమని, పోలీసులు ఐదు వేలు రాస్తారని, రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి కూడా రాదని టెన్షన్ పెడుతున్నాడు. వేయించమంటారా, వద్దంటారా?

జవాబు: షోరూమ్‌వాళ్లు చెప్పింది తప్పు. గార్డ్ తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పదు. అక్కర్లేదంటే బిల్లులోంచి తీసేయమని అడగండి. మీ బావమరిది మాటల్లో మాత్రం కొంత నిజం ఉంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్సీ తేడా పడేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి 182ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. చట్టం అనుమతించని మార్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మీ బావమరిది చెప్పిన ఐదు వేలు ఇవే.

అయితే ఏది మార్పో 52వ సెక్షన్ వివరణలోనే ఉంది. బండి నిర్మాణం మారి, దాని మూల లక్షణమే మారిపోతే అది మార్పు. ఇంజిన్ మార్చడం, చాసిస్ కోయడం అలాంటివి. కంపెనీ తన మోడల్ కోసమే చేసి, బోల్టులతో బిగించే లెగ్ గార్డ్ ఇందులోకి రాదన్నది నా అభిప్రాయం. ఆర్సీలో ఉన్న ఏ అంకే దానివల్ల మారదు. గార్డుల మీద ఈ భయం ఎక్కువగా 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖతో పుట్టింది. కార్లు, జీపుల ముందు బిగించే బుల్ బార్ల వల్ల నడిచేవాళ్లకూ, లోపల కూర్చున్నవాళ్లకూ ప్రమాదమని అప్పటి ఆందోళన. అది విన్నవాళ్లు రెండు చక్రాల బండికి కూడా అంటగట్టేశారు.

వెల్డింగ్ షాపులో స్టీలు రాడ్లతో చేయించే గార్డుల సంగతి వేరు. హ్యాండిల్ కంటే వెడల్పుగా, చివర్లు బయటికి పొడుచుకు వచ్చేలా చేయిస్తారు. కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా వచ్చే సైకిలాయన కాలికి అది తగిలితే పరిహారం మాట మీ మీదికే వస్తుంది. దానికి తోడు రెండు తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు తగిలించి వైరింగ్ కోయించుకుంటారు కుర్రాళ్లు. పోలీసులు ఆపేది, సర్వీస్ సెంటర్ వారంటీ లేదనేది చాలాసార్లు ఆ లైట్ల దగ్గరే. మీ అబ్బాయిని ఆ ఒక్క విషయంలో కట్టడి చేయండి.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మీ బండి వల్ల వేరేవాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ ఏ కారణాలతో తప్పుకోవచ్చో చట్టమే గీత గీసింది. గార్డ్ బిగించడం వాటిలో లేదు. సొంత బండి నష్టానికి క్లెయిమ్ చేసినప్పుడే పేచీ వస్తుంది. అక్కడ కూడా, షరతు ఉల్లంఘనకూ జరిగిన నష్టానికీ సంబంధం లేనప్పుడు మొత్తం క్లెయిమ్ కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2008లో ఒక దొంగతనం కేసులో చెప్పింది. 2010లో మరో కేసులో, షరతు తప్పినా 75 శాతం ఇవ్వమంది. కాబట్టి ‘ఒక్క రూపాయి రాదు’ అన్నది నిజం కాదు.

గార్డే వంగిపోతే దాని డబ్బులు మాత్రం ఊరికే రావు. బండి ధరలో కలవని సామాన్ల విలువను పాలసీలో విడిగా చూపించాలి. షోరూమ్ బిల్లులో గార్డ్ పేరు, ధర విడిగా రాయించండి, పాలసీ తీసుకునేటప్పుడే అది చెప్పండి.

ఇంతకీ వేయించడం దండగా అంటే, మన ప్రాంతంలో దండగ కాదు. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చిన బురద, రొయ్యల వ్యాన్ల నుంచి కారే నీళ్లు. నెమ్మదిగా వెళ్తున్నా బండి పక్కకు జారుతుంది. అలాంటప్పుడు ట్యాంకు, ఇంజిన్ కవరు, గేరు లివరు బతుకుతాయి. కాలు కూడా బతుకుతుందని నమ్మకండి. అమెరికాలో 1981లో వెలువడిన హర్ట్ నివేదిక, లాస్ ఏంజెలెస్‌లో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను అక్కడికే వెళ్లి పరిశీలించి, గార్డ్ వల్ల పాదం, చీలమండ దెబ్బలు తగ్గినా మోకాలు, తొడ దెబ్బలు పెరిగి సరికి సరి అయిందని తేల్చింది. అయినా బండికి ఆదా కనుక కంపెనీ గార్డే వేయించండి. బిగించాక బ్రేకు పెడల్‌కు అడ్డం రాకుండా చూసుకోండి.

షోరూమ్‌లో గార్డ్ గురించి వాదించే ముందు హెల్మెట్ అడగండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 ప్రకారం, ద్విచక్ర వాహనం కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణానికి తగిన హెల్మెట్ తయారీదారు సరఫరా చేయాలి. చాలామంది అడగరు కాబట్టి వాళ్లూ ఇవ్వరు.

ఇక ఎప్పుడైనా గార్డ్ సాకుతో క్లెయిమ్ కొట్టేస్తే, కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలోపు సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌తోపాటు మీ పక్కనే ఉన్న యానాం కూడా ఆ కార్యాలయం కిందికే వస్తుంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆ దారి వద్దనుకుంటే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు.