పశువుల డాక్టర్ చదివి అడవిలో దోమలు పట్టడమా?

ప్రశ్న: మా అమ్మాయి వెటర్నరీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ప్రాక్టీస్ పెట్టుకుంటుందనుకుంటే, ఉష్ణమండల అడవుల్లో కీటకాల ద్వారా పశువులకు సోకే వైరస్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది. అడవిలో పశువులెక్కడుంటాయండీ? ఇందులో బతుకుతెరువు ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, అడవిలో పశువులెక్కడుంటాయని మీరు విసుగ్గా అడిగినా, మంచి ప్రశ్నే అడిగారు. రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ అని ఒక జబ్బుంది. అది వస్తే చూడి గొర్రెలు ఈసుకుపోతాయి (గర్భం పోతుంది), లేత పిల్లలు చచ్చిపోతాయి. దాని వైరస్‌ను 1930లో కెన్యాలో గొర్రెల్లో గుర్తించారు. 1944లో ఉగాండాలోని సెమ్లికీ అడవిలో, జనావాసమే లేని చోట పట్టిన దోమల్లో అదే వైరస్ దొరికింది. మందల్ని చంపే వైరస్‌కి మనిషే లేని అడవిలో ఏం పని? అక్కడ ఏ జంతువు రక్తంలో బతుకుతోంది? అడవి అంచున మేసే మంద దాకా దాన్ని ఎవరు మోసుకొస్తున్నారు? మీ అమ్మాయి చేస్తానంటున్న పని ఇదే.

ఇక రోజువారీ పని. సాయంత్రం చెట్టుకు లైట్ ట్రాప్, అంటే వెలుతురుకు వచ్చే పురుగుల్ని పట్టే బుట్ట, కడతారు. తెల్లారి తీస్తే రెక్కల పురుగులు, పెంకు పురుగులు గుప్పెళ్ల కొద్దీ ఉంటాయి. వాటి మధ్య మిరియాల పొడి చల్లినట్టు క్యులికాయిడిస్ అనే కీటకాలు కనిపిస్తాయి. ఒక్కోటి 1 నుంచి 3 మిల్లీమీటర్లే. గొర్రెలకు, ఆవులకు సోకే నీలి నాలుక (బ్లూటంగ్) అనే వైరస్ వ్యాధిని మోసేవి ఇవే. మైక్రోస్కోప్ కింద రెక్క మీది మచ్చల్ని చూసి జాతుల వారీగా వేరు చేయాలి. పొట్టలో ముదురు ఎరుపు ఛాయ కనిపిస్తే, అది ఇంతకుముందే రక్తం తాగి గుడ్లు పెట్టిన ఆడదన్నమాట. వైరస్ కోసం ముందు వెతకాల్సింది అలాంటి వాటిలోనే. వైరస్ దొరికినంత మాత్రాన పని అయిపోదు, అది అప్పుడే తాగిన రక్తంలోదై ఉండొచ్చు. పేగు దాటి లాలాజల గ్రంథుల దాకా చేరితేనే ఆ కీటకం జబ్బును అంటించగలదు. ఇది తేల్చడానికి నెలలు పడుతుంది. అడవిలో తిరుగుడు తక్కువ, కుర్చీలో కూర్చుని కళ్లు చిట్లించుకునే పని ఎక్కువ.

వెటర్నరీ చదువు ఇక్కడ వృథా కాదు. నీలి నాలుక వ్యాధి గొర్రెల్ని పడగొడుతుంది, ఆవుల్లో మాత్రం చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. పైకి బాగున్న పశువును కూడా అనుమానించి రక్తం తీయాలని తోచేది ఆ చదువు ఉన్నవాళ్లకే. ఆమెకు లేనివి కీటకశాస్త్రం, స్టాటిస్టిక్స్. ఈ రెండూ నేర్పే మాస్టర్స్ చేసి, తర్వాత పీహెచ్‌డీకి వెళ్లాలి. స్టాటిస్టిక్స్ తర్వాత చూసుకుందాంలే అని వదిలేస్తే పీహెచ్‌డీలో ఏడుస్తారు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు రెండు మూడేళ్ల కాంట్రాక్టుల మీదే గడుస్తుంది. ఫ్రాన్స్‌లోని సిరాడ్, బ్రిటన్‌లోని పిర్‌బ్రైట్, నైరోబీలోని ఇల్రీ లాంటి పరిశోధనా సంస్థల్లో ఈ పని జరుగుతుంది కానీ సీట్లు తక్కువ. ఇదే చదువుతో పశువ్యాధుల నిఘా ల్యాబుల్లోకి కూడా వెళ్లొచ్చు. 2006లో నీలి నాలుక వ్యాధి మొదటిసారి ఉత్తర యూరప్‌కి చేరి, అక్కడి కీటకాల ద్వారానే పాకింది. అలాంటప్పుడు ఈ కీటకాలను చూసి గుర్తుపట్టగలవాళ్ల అవసరం తెలిసొస్తుంది. వెటర్నరీ రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు, ప్రాక్టీస్ దారి తెరిచే ఉండాలి.

ప్రమాదం ఉంది. రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ జబ్బు పశువు రక్తం నుంచి మనుషులకూ అంటుకుంటుంది, చాలా అడవుల్లో మలేరియా సరేసరి. అందుకే శిక్షణ, రక్షణ ఏర్పాట్లు ఉన్న బృందంతో తప్ప వెళ్లకూడదు.

ఏ కోర్సుకీ ఫీజు కట్టకముందు, కీటకాల ల్యాబ్ ఏదైనా చూసి రెండు వారాలు ట్రాప్ డబ్బాలు వేరు చేసే పనికి పంపండి. మూడో రోజుకి కళ్లు మండుతున్నాయని ఇంటికొచ్చేస్తే మీ టెన్షన్ తీరినట్టే. "అమ్మా, ఈ రెక్క మీద మచ్చ వేరేగా ఉంది" అని రాత్రి పదింటికి ఫోన్ చేసిందనుకోండి, మాస్టర్స్ అప్లికేషన్లు మొదలుపెట్టించండి.