స్ప్రింగు మీద గ్రైండరు పెట్టే ముందు

జయపురం,
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో పంపిన నీ ఫియట్ పేలియో కారు ఫోటోలు చూశాను. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. 1.6 జీటీఎక్స్ ఇంకా ఇంత బాగా ఉన్నది దొరకడం నీ అదృష్టం. 2001లో ఆ కారు కొత్తగా వచ్చినప్పుడు, అంత చిన్న బండిలో నూరు హార్స్‌పవర్ ఇంజన్ పెట్టారట అని మా షెడ్డు కుర్రాళ్లు పని ఆపి మరీ చూసేవారు. రెండు సీట్లూ, మడిచే టాపూ ఉంటే తప్ప స్పోర్ట్స్ కారు కాదనే వాళ్లతో నాకు పేచీ ఉంది. స్టీరింగ్ తిప్పితే బండి మాట వినాలి, అంతే. పేలియో వింటుంది.

అంతా బాగానే ఉంది గానీ, స్ప్రింగులు కోయించి రెండంగుళాలు కిందికి దించుతానన్నావు చూడు, అక్కడే నాకు గుండె ఝల్లుమంది.

ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక కుర్రాడు బండి తెచ్చి బతిమాలితే గ్రైండరు తీసుకుని ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోసేశాను. చక్రాలు ఫెండర్ల కింద దాక్కున్నాయి, బండి దూకబోయే పులిలా కనిపించింది. ట్రయల్‌కి సుంకి ఘాటీ దిగాం. ఒక మలుపు మధ్యలో తారు లేచిపోయి గొయ్యి ఉంది. చక్రం అందులో పడగానే కింద టప్‌మని శబ్దం. ఆ తరవాత స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా పోతోంది. ఎదురుగా లోడు లారీ. ఆ డ్రైవరు కొండ వైపుకి తిప్పుకున్నాడు కాబట్టి ఇవాళ నీకు ఉత్తరం రాస్తున్నాను. షెడ్డుకొచ్చి జాకీ మీద లేపి చూస్తే, స్ప్రింగు సీటు వదిలేసి వదులుగా వేలాడుతోంది. రెండు వేళ్లతో తిప్పితే గాజులా తిరిగింది.

ఏం జరిగిందో అప్పుడు సరిగ్గా తెలియలేదు, తరవాత తెలుసుకున్నాను. స్ప్రింగులో చుట్లు తగ్గేకొద్దీ అది గట్టిపడుతుంది. ఆరు చుట్లు పనిచేసే దాంట్లో ఒకటిన్నర కోస్తే మిగిలిన నాలుగున్నర చుట్లు మూడో వంతు గట్టిగా తయారవుతాయి. పాత స్ప్రింగుకి లెక్కకట్టి చేసిన షాకబ్జర్ ఈ కొత్త గట్టిదనాన్ని పట్టి ఆపలేదు, బండి ఎగురుతూనే ఉంటుంది. పైగా బండి కిందికి దిగింది కాబట్టి చక్రం పైకి లేవడానికి ఉండే జాగా తరిగిపోయి, చిన్న గోతికే రబ్బరు బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపులో అలా కూర్చుందంటే ముందు టైర్లు పట్టు వదిలేస్తాయి. మాకు జరిగింది అదే.

ఇంకోటి ఉంది, ఇది చాలామంది మేస్త్రీలకీ తెలియదు. నీ బండికి ముందు ఉన్నది మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జరూ కలిపి ఒకటిగా కూర్చిన అమరిక. దాని లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి, దాదాపు అడ్డంగా ఉన్నంతసేపే లెక్క కుదురుతుంది. బాగా దించితే ఆర్మ్ చక్రం వైపు పైకి లేచిపోతుంది. అప్పుడు బండి బరువు కేంద్రం కాస్తే దిగుతుంది, బండి ఒరిగే కేంద్రం మాత్రం అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. అంటే ఒరగకూడదని దించిన బండి, మలుపులో ఇంకా ఒరగడానికే చూస్తుంది. దాన్ని ఆపాలంటే మరింత గట్టి స్ప్రింగు కావాలి. అలా ఒకదాని వెనక ఒకటి.

కాబట్టి ముందు నువ్వు చేయాల్సింది కొత్త సామాన్లు కొనడం కూడా కాదు. ఆ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉండేదో నువ్వింకా చూడలేదు. ఇరవై ఏళ్ల రబ్బరు మీద నడుపుతూ "సస్పెన్షన్ బాగాలేదు" అంటున్నావు. బండి కదలకముందే ఒక టేపు పట్టుకుని చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకో. ఎడమకీ కుడికీ బాగా తేడా ఉంటే స్ప్రింగు విరిగిందేమో చూడు. కింది చుట్టులో ఎర్రమట్టి పేరుకుని, దాని కింద తుప్పుపట్టి చివర ముక్క విరిగిపోవడం మన వైపు చాలా చూశాను. బయటికి కనపడదు, బ్రష్షుతో రుద్దితే తెలుస్తుంది.

తరవాత చూడాల్సినవి లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, స్టెబిలైజర్ లింకులు, స్ట్రట్ పైన మౌంటింగు. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే పైన టక్కుటక్కుమంటే మౌంటింగ్ బేరింగ్ పోయిందనుకో. ఆర్మ్ దగ్గర కడ్డీ పెట్టి తోస్తే బుష్ పగుళ్లు నోరు తెరుస్తాయి. ఇవన్నీ మామూలు రబ్బరువే వేయించు. పాలీయురెథేన్ బుష్‌లంటూ రంగురంగులవి చూపిస్తారు. వాటికి గ్రీజు తగ్గితే కీచుమంటాయి, గతుకుల అదురు నేరుగా సీట్లోకి వస్తుంది. వారం వారం దామన్‌జోడి నుంచి సాలూరు వెళ్లేవాడివి, నీకెందుకవి?

బుష్‌లు మార్చేటప్పుడు ఒక మాట గట్టిగా పట్టుకో. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్మ్ బోల్టులు ఫైనల్‌గా బిగించనివ్వకు. అలా బిగిస్తే, బండి కిందికి దింపగానే లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. మన షెడ్డుల్లో ఒడియా మాట ఒకటుంది కదా, "చొళిబొ", నడిచిపోద్దిలే అని. ఆ మాట వినపడగానే నువ్వు పక్కనే నిలబడు. నాకు టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచి బిగించే స్పానరు) పట్టడం నేర్పింది సునాబెడ హెచ్ఏఎల్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన స్నేహితుడు. మిగ్ విమానాల ఇంజన్ల దగ్గర చేతులు పండినవాడు. "చేతికి గట్టిగా తగిలితే సరిపోయిందనుకోవడం తప్పు, పుస్తకంలో ఎంత రాశారో అంత" అనేవాడు. మొదట్లో నవ్వుకునేవాణ్ణి.

ఇదంతా అయ్యాక షాకబ్జర్లు. నీ డబ్బు ఎక్కువగా పెట్టాల్సింది ఇక్కడే. స్ప్రింగు బరువు మోస్తుంది, ఆ ఊపుని ఆపేది షాకబ్జర్. నాణ్యమైనవి, కంపెనీ స్ప్రింగుకి సరిపోయేవి నాలుగూ ఒకేసారి వేయించు. కనీసం జతగా మార్చు, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది వద్దు. పార్టు ఆర్డరు పెట్టేముందు చాసిస్ నంబరు చూపించి అడుగు, 1.2 ఇంజన్ పేలియోకీ 1.6కీ ఒకటేలే అనే మాట నమ్మకు. బిగించేటప్పుడు ఎయిర్ గన్‌తో పై నట్టు తిప్పితే లోపలి రాడ్డు గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. చేత్తోనే బిగించాలి, లాక్ నట్లు కొత్తవి వాడాలి.

కాయిలోవర్లు, అంటే మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకబ్జర్ సెట్లు, అడిగావు. ఎత్తు సర్దుకోవచ్చు, నిజమే. కానీ ఆ సన్నని మరల్లోకి కొరాపుట్ వానలూ ఎర్రమట్టీ చేరితే రెండో ఏటికి స్పానరు పెట్టినా కదలవు. చవకవైతే అసలు వద్దు. బండి కాస్త దిగాలనే ఉంటే, ఆ మోడల్ కోసమే తయారుచేసిన స్ప్రింగులు దొరికితే ఒక అంగుళం లోపు దించు, దానికి తగ్గ షాకబ్జర్లతో కలిపి. అది కూడా పై పనులన్నీ అయి, రెండు నెలలు నడిపాకే. అప్పటికి దించాలన్న ఆశే ఉండదని నా నమ్మకం. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పు సంగతి రాసిచ్చేయి. పదిహేనేళ్లు దాటిన బండి, ఆర్.సి. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి వెళ్తుంది, అక్కడ ఇబ్బంది పడకు.

టైర్ల తేదీ చూశావా? పక్కన నాలుగంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా ఆ వయసు రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, ఎంత సస్పెన్షన్ పెట్టినా తడి రోడ్డు మీద జారుతుంది. నిజానికి మొదటి రూపాయి వీటికే. పని మొత్తం అయ్యాక వీల్ అలైన్‌మెంట్, ప్రింటు చేతిలోకి తీసుకో.

ఇంకో భయం ఉంది నాకు. యూట్యూబ్ చూసి స్ట్రట్ నువ్వే విప్పుతావేమో. బండి బరువుని మోసే స్ప్రింగు అందులో నొక్కుకుని ఉంటుంది, స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ వేయకుండా పై నట్టు తీశావంటే అది నీ మొహానికి తగులుతుంది. జాకీ స్టాండులు రెండు ఇంట్లో ఉన్నాయి, కావాలంటే పట్టుకెళ్లు. కంప్రెసర్ మాత్రం ఇవ్వను. బుష్‌లూ షాకబ్జర్లూ కొనుక్కుని బండి ఇక్కడికే తీసుకురా, శనివారం రాత్రికి వచ్చేస్తే ఆదివారం తెల్లారే మొదలుపెడదాం. అత్త నీకోసం గోంగూర పచ్చడి పెట్టింది, ఖాళీ సీసా తెచ్చుకో.

మీ మావయ్య