లెక్కల పుస్తకం దాచవద్దు

కావలి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోలులో వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి నెలకు రెండు రోజులు వచ్చి మీ మహిళా సంఘానికి సలహాలు ఇస్తానన్నారనీ, సేవ చేసేవాళ్ళకు వ్యాపారితో పనేమిటని మీ సభ్యులు గొణుగుతున్నారనీ రాశావు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను.

అప్పట్లో మా సంఘం ఒంటరి స్త్రీలకు పని కల్పించడానికి గోంగూర పచ్చడి చేయించి అమ్మేది. సీసా 120 రూపాయలకు అమ్ముతున్నాం, సరుకుకు 80 అవుతోంది, 40 మిగులుతోందని నమ్మేవాళ్ళం. మా దగ్గరికి వచ్చిన సలహాదారు వరండాలో చాప మీద కూర్చుని, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, ఒక్క సీసా ఖర్చును మా చేతనే రాయించారు. గోంగూర, నూనె, ఎండుమిర్చి, సీసా రాశాక "ఆకు వలిచినవాళ్ళ కూలి ఏదీ?" అని అడిగారు. ఆ తర్వాత గ్యాసు, బస్సు పార్సెలు, దారిలో పగిలిన సీసాలు, కొట్లవాళ్ళు ఎగ్గొట్టిన బాకీ వచ్చి చేరి 134 దగ్గర ఆగింది. సీసాకు 14 రూపాయల చొప్పున దాతల సొమ్ము పోసి అమ్ముతున్నామన్నమాట. "అందుకేనా అమ్మా, పండగకు ఎక్కువ అమ్మిన నెలలోనే మనకు ఇబ్బందవుతోంది" అంది పొయ్యి దగ్గరి మనిషి. ఆమెకు తెలిసింది మాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డ జిల్లా మనది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి కనుక రూపాయి దాచడం మనకొకరు నేర్పనక్కరలేదు. ధర కట్టడం, బాకీ రాబట్టడం, ఒక దాత చేయి వెనక్కి తీసుకున్నా ఆరు నెలలు నడిచేటట్టు చూసుకోవడం మాత్రం వేరే విద్య, పైగా లోపలివాళ్ళం మొహమాటంతో అడగని ప్రశ్నలను బయటివారే అడగగలరు.

కాగితాల సంగతి కూడా ఆయననే చూడమను. పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. అందులో నుంచి మీకు రావాలంటే ఆదాయపు పన్ను శాఖలో సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు (12ఏ అని పిలుస్తూ వచ్చినది), దాతలకు పన్ను రాయితీ ఇచ్చే నమోదు (80జి అని పిలుస్తూ వచ్చినది), మూడేళ్ళ పని చరిత్ర, వీటికి తోడు 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల నుంచి ఈ సొమ్ము తీసుకునే సంస్థలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖలో చేయించుకునే సిఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఇవి లేక మాకు ఒక అవకాశం చేజారింది.

అయితే ఆయన చెప్పిందల్లా వేదం కాదు. చేతులు వణికే ఒక ముసలామెను తప్పించి యంత్రం కొనమని మా సలహాదారు అన్నప్పుడు, సంఘం పెట్టిందే ఆమెలాంటివారి కోసమని గట్టిగా చెప్పాం; ఆయన కాసేపు ఆలోచించి, సీసాలకు చీటీలు అంటించే పని ఆమెకిమ్మన్నారు. కనుక ఎవరిని ఉంచాలి, ఎవరికి సాయం చేయాలి అన్నది మీ చేతిలోనే ఉంచుకో, చెక్కు మీద సంతకం ఆయనకు ఇవ్వకు, గడువు ఏడాదే పెట్టు. ఆయన వచ్చిన ప్రతిసారీ చదువుకున్న ఒక చిన్నమ్మాయిని పక్కన కూర్చోబెట్టి లెక్క నేర్పించు.

మొదటి రోజు ఆయనకు మంచి రిజిస్టరు ఒక్కటే చూపించి పంపకు. కాఫీ ఇచ్చేలోపే బాకీల నోటుపుస్తకం కూడా ముందు పెట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ