పాత ఎన్‌ఫీల్డ్‌కి గురి కుదరాలంటే

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కొన్న 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ తుపాకి ఫోటోలు చూశాను. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరం వాళ్లూ దక్షిణం వాళ్లూ ఇంగ్లండు నుంచి లక్షల్లో తెప్పించుకున్న రకం అది. మన 1857 తిరుగుబాటుకి నిప్పంటించిన కొవ్వు తూటాల గొడవ కూడా దీని తూటాలదే. 50 గజాల్లోనే గుళ్లు తలో దిక్కుకీ పోతున్నాయని, గురి చూసే సైటు మార్పిస్తానన్నావు. తొందరపడకు. గుళ్లన్నీ ఒకచోట పడుతూ ఆ చోటు తప్పయితే సైటు సంగతి చూడాలి. చెల్లాచెదురుగా పడుతుంటే తప్పు సైటుది కాదు.

ముందు పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కి చూపించు. బ్యారెల్ లోపల గుంటలు పడ్డాయా, బ్యారెల్ వెనక మూసే మర గట్టిగా ఉందా, మందు అంటించే క్యాప్ పెట్టే నిపుల్ రంధ్రం అరిగి పెద్దదైందా అని అడుగు. అరిగిన నిపుల్‌తో ఒక్కో దెబ్బకి ఒక్కో వేగం వస్తుంది. అది మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పాతది దాచిపెట్టు.

అసలు సంగతి గుండు సైజు. పేరుకి 0.577 అంగుళాలే కానీ, చేత్తో అమర్చిన కాలం నాటివి, పైగా నూటయాభై ఏళ్లు అరిగినవి. ఏ రెండు బ్యారెళ్లూ ఒకలా ఉండవు. పిన్ గేజులతో (రంధ్రం కొలిచే సన్నని కడ్డీలు) మూతి దగ్గర కొలిపించు. గుండు అంతకంటే అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే వెయ్యిలో రెండు వంతులు తక్కువ ఉండాలి. మూతిలోంచి గుండుని దించే కడ్డీ, అదే రామ్‌రాడ్, దాని బరువుకే నెమ్మదిగా జారితే సరైన సైజు. గలగలమని జారిపోతే వదులు. దీనిలో వాడే మినియే రకం గుండు అడుగు బోలుగా ఉంటుంది. మందు పేలినప్పుడు ఆ అంచు విచ్చుకుని బ్యారెల్ లోపలి మెలి గాడులను పట్టుకుంటేనే గుండు తిరుగుతుంది. అందుకే స్వచ్ఛమైన మెత్తటి సీసమే వాడాలి. కారు చక్రాల బరువుల సీసం గట్టిది, విచ్చుకోదు. పోత పోశాక ఒక్కొక్కటీ తూచి, తేలికగా ఉన్నవి పక్కన పడెయ్. లోపల గాలి బుడగ ఉన్నట్టే.

మందు ఎక్కువైతే గురి పెరుగుతుందనేది భ్రమ. సైన్యంలో 530 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత) గుండుకి 68 గ్రెయిన్ల మందు వాడారు, నిజమే. నువ్వు మాత్రం 40తో మొదలుపెట్టి, ఒక్కో గ్రెయిన్ పెంచుతూ 50 లోపే ఆగు. మరీ ఎక్కువైతే గుండు అంచు చిరిగి, దెబ్బ ఎటో పోతుంది. అచ్చమైన బ్లాక్ పౌడరే, అంటే పాతకాలపు నల్ల మందే వాడు. ఇప్పటి తుపాకుల స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు, బ్యారెల్ పేలిపోతుంది. డబ్బాలోంచి నేరుగా బ్యారెల్లో పొయ్యకు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉండొచ్చు. ఇంటి దగ్గరే కొలిచి చిన్న గొట్టాల్లో నింపుకుని వెళ్లు.

గుండు చుట్టూ ఉండే గాడులకి తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి రాయి. మెషిన్ ఆయిల్ రాస్తే మసి తారులా గట్టిపడుతుంది. గుండు ప్రతిసారీ మందు మీద ఆనేదాకా దించాలి, మధ్యలో ఖాళీ ఉంటే ప్రమాదం. రామ్‌రాడ్ మీద ఒక గీత పెట్టుకుంటే తెలిసిపోతుంది. కాల్చే ముందు బ్యారెల్లో నూనె తుడిచి, ఖాళీ తుపాకి మీద రెండు క్యాపులు పేల్చు.

ఇదంతా చేశాక గుళ్లన్నీ దగ్గరగా పడి, మచ్చకి పైన తగులుతాయేమో. కంగారు పడకు. దీని సైటు మొదలయ్యేదే 100 గజాల నుంచి, అందుకే 50లో గుండు పైన తగులుతుంది. కింద గురిపెట్టు, లేదా ఎత్తయిన ముందు సైటు పెట్టించి అసలుది భద్రంగా ఉంచు. రాత్రి ఎంత పొద్దుపోయినా గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాశాకే పడుకో.

వర్జీనియాలో వించెస్టర్ దగ్గర నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ వాళ్ల పోటీలకి ఒకసారి వెళ్లిరా. ఇలాంటి తుపాకులతోనే జట్లుగా కాలుస్తారు. గుండు కొలత తెలియగానే నాకు రాయి, పోత అచ్చు ఏది కొనాలో చెబుతాను.

పెదనాన్న